ఏడు బారల లోతు

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, చేపల పులుసు పొయ్యిమీద పెట్టి, అరవై కట్టలకు పిన్నులు కొట్టడానికి కూర్చున్నాను. మర్నాడు నెల్లూరులో సోషల్ టీచర్లకు శిక్షణ. అక్కడ పాఠం చెప్పేది మా ఆయన విజయభాస్కర్. ఇద్దరం సోషలే చెబుతాం, వేరువేరు హైస్కూళ్లలో. ఆయన జిరాక్సులు తెచ్చి బల్లమీద పెట్టి, "నీ చెయ్యి నీటు డెబోరా, నువ్వే కొట్టు" అని పడుకున్నాడు. ఈ పదకొండేళ్లలో ఆ మెచ్చుకోలు నాకు చాలా పనులు తెచ్చిపెట్టింది. ఆయన స్కూలు చార్టులు, రిజిస్టర్లు, మా అత్తగారి చీరలకు ఫాల్సు కుట్టడం, అన్నీ.

మొదటి పేజీ చూశాను. 'ఓడ దినచర్యతో సముద్రయానాల పాఠం. తయారు చేసినవారు: విజయభాస్కర్. సహకారం: శ్రీమతి.' శ్రీమతికి పేరు కూడా లేదు.

ఆ దినచర్య ఎప్పుడో ఈ తీరం వెంట వెళ్లిన ఓ తెల్ల కెప్టెన్ రాసుకున్నది. పాఠ్యపుస్తకంలో ఎవరు ఏ దారి కనిపెట్టారో ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. పిల్లలు బట్టీ పట్టి మరిచిపోతారు. కెప్టెన్ రాతనే వాళ్ల చేతికిస్తే ఏమవుతుందో చూద్దామనిపించింది. అన్నం ఉడికే లోపు నాలుగు వాక్యాలు, బస్సులో రెండు వాక్యాలు చొప్పున మూడు నెలలు కూర్చి తెలుగు చేశాను. అప్పుడు మా ఆయన, "సిలబస్సులో లేనిదానికి ఎందుకీ యాతన? ఖాళీగా ఉండావా ఏంది?" అన్నాడు. నేను ఖాళీగా ఉన్న రోజు ఏదో ఆయన చెబితే బాగుండేది.

కెప్టెన్ ఓచోట ఏడు ఫాదమ్‌ల లోతు అని రాశాడు. నేను లెక్క కట్టి నలభై రెండు అడుగులని రాశాను. క్లాసులో అది చదివి వినిపిస్తుంటే తొమ్మిదో తరగతి భానుప్రియ లేచి, "అడుగులేంది టీచర్? సముద్రాన్ని బారల్లో కదా కొలిచేది" అంది. మర్నాడు వాళ్ల తాత గంగులయ్యను వెంటబెట్టుకొచ్చింది. సముద్రంలో చేపల వేటకు పోయే మనిషి. వరండాలో రెండు చేతులూ చాచి తాడు కొలిచి, "ఇదమ్మా బారంటే. ఏడు బారలంటే ఒడ్డుకి ఎంతో దూరం లేడు మీ కెప్టెను" అన్నాడు. పిల్లలంతా చేతులు చాచి నిలబడ్డారు. అంత ఆనందం నా ఉద్యోగంలో నాకెప్పుడూ కలగలేదు. పాఠం బాగుందని మండలంలో పాకాక మా ఆయన నా కాగితాలు అడిగి తీసుకున్నాడు.

వెళ్లి ఆయన్ని లేపాను. "నా పేరు లేదే?"

"శ్రీమతి అని ఉండాది కదా. నాకు శ్రీమతివి నువ్వు కాక ఇంకెవురు?" అని అటు తిరిగాడు. పక్కగదిలోంచి మా అత్తగారు రెబెక్కమ్మ, "మొగుడికి పేరొస్తే నీకు రానట్టా అమ్మాయ్? పులుసు చూసుకో ముందు" అంది.

పులుసు దించాను. ఒళ్లు మండిపోతూ, ఆయన ఇంకేం మార్చాడో చూద్దామని కట్టంతా చదివాను. ఏమీ మార్చలేదు. నాలుగో పేజీలో నేను రాసిన వాక్యమే ఉంది: 'బార అనే మాటను ఒక విద్యార్థిని సూచించింది. స్థానిక మత్స్యకారుడొకరు వివరించారు.'

ఒక విద్యార్థిని. మత్స్యకారుడొకరు. రాసింది నేనే. మా ఆయన మీద వచ్చిన కోపంలో సగం నా మీదికి తిరిగింది. సిగ్గేసింది.

తెల్లకాగితం తీసుకుని మొదటి పేజీ మళ్లీ రాశాను, నాలుగోది కూడా. బస్టాండు దగ్గర జిరాక్సు షాపుకు వెళ్లి అరవై కాపీలు తీయించుకొచ్చాను. పాతవి తీసేసి, కొత్తవి పెట్టి పిన్నులు కొట్టాను.

సాయంత్రం ఆయన లేచి టీ తాగుతూ ఓ కట్ట తీసి చదివాడు. 'తెలుగు చేసి పాఠం తయారు చేసినది: డెబోరా. బార అనే మాట చెప్పినది: భానుప్రియ, తొమ్మిదో తరగతి. కొలిచి చూపినవారు: గంగులయ్య.'

"నా పేరేదీ?"

"కింద ఉంది, చూడండి."

'మొదటిసారి జిరాక్సు తీయించినవారు: విజయభాస్కర్.'

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

"ఇది పట్టుకోని అంతమంది ముందర నేనెట్ట నిలబడేది?"

"మీరు నిలబడొద్దులెండి. రేపు పాఠం నేను చెబుతాను" అన్నాను.