డాఫ్నీ కంటే ముందు

గుంటూరు నుంచి దక్షిణాఫ్రికా వచ్చి మార్‌బర్గ్‌లో డాక్టరుగా పనిచేస్తున్న ఇందుమతికి, అక్కడే పుట్టిన తెలుగు నర్సు డాఫ్నీ అంటే రెండేళ్లుగా అసూయ. ఈత, సైకిలు, పరుగు కలిసిన పోటీల్లో ప్రతిసారీ డాఫ్నీయే ముందుండేది.

1998లో ఆ శనివారం పొద్దుటి నుంచీ కుండపోత వాన. డ్యామ్‌లో ఈత ముగించి, చెరకు తోటల మధ్య బురద దారిలో సైకిలు తొక్కుతున్న ఇందుమతికి మిట్ట మీద డాఫ్నీ కనిపించింది. ఆమె సైకిలు చెయిన్ తెగిపోయింది.

"సెల్లీ, లింకు ఉన్నదా?" అని అడిగింది డాఫ్నీ.

తెగిన చెయిన్‌ను అతికే లింకులు ఇందుమతి జేబులో రెండున్నాయి. "లేదు," అంది.

"పరవాలే, నువ్వు పో. కింద మట్టి జారుద్ది, జాగర్త."

ఆ మంచితనం ఇందుమతిని ఇంకా మండించింది. పళ్లు బిగించి తొక్కింది, పడుతూ లేస్తూ పరుగెత్తింది, మొదటిసారి గెలిచింది.

గంటన్నర తర్వాత డాఫ్నీ అందరికన్నా చివర వచ్చింది. సైకిలును భుజాన మోసి, ఆపైన పరుగు కూడా పూర్తి చేసింది. గుడారం కింద ఉన్నవాళ్లంతా వానలోకి వచ్చి చప్పట్లు కొట్టారు. వాళ్లలో ఇందుమతి భర్త కూడా ఉన్నాడు.

"నాకు ఇంతమంది కొట్టలేదు," అంది ఇందుమతి.

"అప్పుడు వాన మరీ ఎక్కువగా ఉందిలే," అన్నాడాయన, చప్పట్లు ఆపకుండానే.