ఇరవై తొమ్మిదేళ్లకు పదవీ విరమణ

"నీ మంచి ఫోటో ఒకటి పంపు, చీరలోది," అన్నాడు ముబీన్ గుమ్మంలో చెప్పులు విడుస్తూ.

అప్పుడు నేను ఏడాది కారం కోసం ఎండు మిరపకాయల తొడిమలు తీస్తున్నాను. పొద్దున వంట ముగించి, పిల్లని బడికి పంపి మొదలుపెట్టిన పని, మధ్యాహ్నం మూడైనా సగం కాలేదు. వేళ్లు మండుతున్నాయి, ముక్కు కారుతోంది, తుడుచుకుందామంటే చేతులు పనికిరావు. మోకాలికి ఆపరేషనై పది నెలలు. కింద ఎక్కువసేపు కూర్చుంటే ఇంకా పట్టేస్తుందని చిన్న స్టూలు వేసుకున్నాను. ఆ స్టూలంటే మా అత్తమ్మ చాంద్‌బీకి పడదు. పరిగెత్తడానికి లేని నొప్పి నేల మీద కూర్చోడానికి వచ్చిందా అని పొద్దుట్నించి రెండుసార్లు అంది. కోపంగా కాదు, ఎండ ముదిరింది అన్నంత మామూలుగా.

ఫోటో ఎందుకండీ అంటే ఫ్లెక్సీకి అన్నాడు. ఏం ఫ్లెక్సీ అంటే, ఆదివారం తను పనిచేసే స్కూల్లో యానివర్సరీ అట, అందులో నాకు సన్మానం అట, కరస్పాండెంట్ వెంకయ్య గారిని తనే ఒప్పించాడట. ముఖం వెలిగిపోతోంది. నాకూ ఒక్క క్షణం సంతోషం వేసింది, అబద్ధమెందుకు. పదకొండేళ్లు క్లబ్బులకి ఫుట్‌బాల్ ఆడాను, నాలుగేళ్లు రాష్ట్రానికి ఆడాను, ఈ ఊళ్లో ఒక్కరు దండ వేసిన పాపాన పోలేదు. సందర్భం ఏమిటని అడిగాను.

"ఆట ముగించావు కదా. ఊరికే అలా వదిలేస్తే ఏం బాగుంటుంది? ఘనంగా చెయ్యాలి."

నేను ఆట ముగించిన సంగతి నాకు అలా తెలిసింది.

అంతకు మూడు రోజుల ముందే కేరళ నుంచి మా క్లబ్బు మేనేజర్ మేడమ్ ఉత్తరం పంపింది. మోకాలు బాగుపడిందని ఫిజియో రాసిచ్చాడు కాబట్టి ఇంకో ఏడాదికి తీసుకుంటామని, మే ఒకటి నుంచి క్యాంపని, ఆదివారం సాయంత్రం ఆరింటిలోపు అవునో కాదో చెప్పకపోతే నా స్థానంలో వేరే అమ్మాయిని తీసుకోవాల్సి వస్తుందని. అది ముబీన్‌కి చూపించాను. చదివి, "చూద్దాం" అన్నాడు. మా ఇంట్లో చూద్దాం అన్న మాటకి అనేవాళ్లని బట్టి అర్థం మారుతుంది. మా మామగారు హుస్సేన్ సాహెబ్ కూలీలతో చూద్దాం అంటే ఇంకో వారం ఆగమని. అత్తమ్మ చూద్దాం అంటే రేపు మళ్లీ అడగమని. ముబీన్ నాతో చూద్దాం అంటే, అయిపోయిందని. పెళ్లైన ఏడేళ్లలో ఈ మాత్రం నేర్చుకోకపోతే ఎలా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

నేను మిడ్‌ఫీల్డర్ని. ఈ ఒక్క మాట మా ఇంట్లో ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. గోలు కొట్టేవాళ్లు ముందుంటారు, గోలు ఆపేవాళ్లు వెనకుంటారు. మధ్యలో ఉండి, వెనకవాళ్ల దగ్గర బంతి తీసుకుని ముందువాళ్లకి అందించే పని మాది. అవతలి వాళ్ల కాళ్ల మధ్య నుంచి బంతి లాక్కునేదీ మేమే, తొంభై నిమిషాలూ అందరికన్నా ఎక్కువ పరిగెత్తేదీ మేమే, మర్నాడు పేపర్లో పేరు రానిదీ మేమే. ప్రతి మ్యాచ్ అయ్యాక ఇంటికి ఫోన్ చేస్తే మామగారు అడిగేది ఒకటే, ఎన్ని కొట్టావమ్మా అని. కొట్టలేదు మామా, గెలిచాం అంటే, పోన్లే ఈసారి కొడుదువులే అని ఓదార్చేవాడు. పదకొండేళ్లలో నేను కొట్టినవి తొమ్మిది గోల్స్. వాళ్ల లెక్కన నేను తొమ్మిదిసార్లు తప్ప ఆడనే లేదు. ఇంట్లో ఆడదాని పనీ ఇలాంటిదేగా అని తెలివిగా అనబోయేవాళ్లకి ముందే చెబుతున్నాను, కాదు. మైదానంలో నాకు బంతి కావాలంటే అరిచి అడుగుతాను. ఇవ్వకపోతే తిడతాను. ఇంట్లో నేనెప్పుడూ అరిచి అడగలేదు. తప్పు ఎవరిదో మీరే చెప్పండి.

ముబీన్‌ని రాక్షసుడిగా చూపిస్తే నాకు సుఖంగానే ఉంటుంది గానీ అది నిజం కాదు. పాప అనీసా పుట్టాక నేను మళ్లీ ఆడటానికి వెళ్లిన మొదటి సీజన్లో, నాలుగు నెలలూ, పిల్లకి పాలు కలిపిందీ, రాత్రిళ్లు జోకొట్టిందీ తనే. ఆ నాలుగు నెలలకి ఊరంతా ఆయన్ని మెచ్చుకుంది, బంగారంలాంటి మొగుడు అంది. తర్వాత ఏడాది పొడుగునా అదే పని నేను చేస్తే ఎవరూ బంగారం అనలేదు, ఆ సంగతి వేరు. తనూ ఒకప్పుడు ఆడిన మనిషే, కిందటి సీజన్లో మోకాలు తిరిగి నేను పడిపోయినప్పుడు ఫోన్లో మ్యాచ్ చూస్తూ ఏడ్చాడట. ఆపరేషన్ అయ్యాక వారానికి రెండుసార్లు తెల్లారకముందే బండి మీద వాడరేవు సముద్రపొడ్డుకి తీసుకెళ్లి ఇసకలో నడిపించాడు. నేను పట్టు తప్పితే చెయ్యి అందించాడు. ఆ చెయ్యి పట్టుకుని నడుస్తూ నేను మళ్లీ మైదానంలోకి దిగే రోజు గురించి ఆలోచించేదాన్ని. ఆయన మాత్రం నేను కుంటకుండా ఇంట్లో తిరిగే రోజు గురించి ఆలోచించాడని ఆ మధ్యాహ్నం తెలిసింది.

"నేను మానేస్తానని ఎప్పుడన్నానండీ?" అని అడిగాను.

తను నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. ఇరవై తొమ్మిదేళ్లొచ్చాయి, మోకాలు ఒకసారి పోయింది, ఇంకోసారి పోతే జీవితాంతం కర్ర పట్టుకోవాలి. వెంకయ్య గారు జూన్ నుంచి ఆడపిల్లలకి కోచింగ్ పెడుతున్నారు, నీకు ఉద్యోగం ఇస్తామన్నారు. ఇద్దరం ఒకే బండి మీద వెళ్లొచ్చు, పిల్ల కళ్లెదుట ఉంటుంది, అమ్మకి సాయంగా ఉంటుంది. ఒక్కొక్క మాట విడివిడిగా చూస్తే దేన్నీ కాదనలేం. అన్నీ కలిపి చూస్తే అందులో నేను లేను. అత్తమ్మ తొడిమలు తీస్తూనే అందుకుంది. "పిలుపులైపోయినయ్ అమ్మాయ్. మా చెల్లెలు జానీబీ వాళ్లు పేట నుంచి వస్తన్నారు. ఇప్పుడు కాదంటే వాడి తల ఎక్కడ పెట్టుకుంటాడు?"

నా తల ఎక్కడ పెట్టుకోవాలో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అసలు కోపం అందుకే. ఆటలో ఎదుటి అమ్మాయి మోచేత్తో పొడిస్తే రిఫరీ దాకా వెళ్లి దెబ్బలాడేదాన్ని, ఇంట్లో మాత్రం పెద్దావిడ తల ఎత్తకుండా ఒక మాట అంటే నోరు మూసుకుని ఫోటో వెతికాను. పెళ్లి ఫోటోల్లోంచి ఒకటి పంపాను. క్లబ్బు జెర్సీలో మంచివి నలభై ఉన్నాయి. అవి వద్దన్నాడు, పెద్దవాళ్లు వస్తారు, పద్ధతిగా ఉండాలని.

ఆదివారం నాలుగున్నరకి స్కూలు గేటు దగ్గర ఆ ఫ్లెక్సీ చూశాను. వెంకయ్య గారి ఫోటో పెద్దది, పక్కన ఇద్దరు నాయకులవి, కింద మూల పెళ్లికూతురి మేకప్పులో నేను. పైన బంగారు అక్షరాలతో "పదవీ విరమణ శుభాకాంక్షలు. మీ శేష జీవితం ఆయురారోగ్యాలతో ప్రశాంతంగా సాగాలని ఆకాంక్షిస్తూ." కిందటి నెల రిటైరైన లెక్కల మాష్టారి ఫ్లెక్సీలో పేరూ ఫోటో మార్చి అచ్చు వేసేశాడు షాపువాడు. ముబీన్ కూడా అప్పుడే చూసినట్టున్నాడు, నాలిక్కరుచుకున్నాడు. పోన్లే, ఎవరు చదువుతారు అన్నాడు. నేను చదివాను. రెండుసార్లు చదివాను. శేష జీవితం అంటే నాకు లెక్కకి ఇంకో నలభై ఏళ్లు, ప్రశాంతంగా.

జయపాల్ మాష్టారు పొన్నూరు నుంచి బస్సు మారి వచ్చారు. హైస్కూల్లో మా పీఈటీ ఆయన, నా కాలికి బంతి అలవాటు చేసిన మనిషి. బంతి రాకముందే చుట్టూ చూసుకోవాలి, వచ్చాక చూస్తే ఆలస్యం అని ఆరో తరగతి నుంచి నా చెవిలో పోరినవాడు. అరవై దాటాయి. చెమట తుడుచుకుంటూ నన్ను పక్కకి పిలిచారు.

"మానేశావంటమ్మా. నాకొక్క ముక్క చెప్పలేదే?"

ఆయన గొంతులో కోపం లేదు, నొచ్చుకున్నారంతే. నేను మానలేదు మాష్టారూ అని చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోగా మైకులో నా పేరు పిలిచారు, ముబీన్ వచ్చి మోచెయ్యి పట్టుకుని స్టేజీ ఎక్కించాడు. మాష్టారు అక్కడే నిలబడిపోయారు. నా గురించి ఆయన తెలుసుకోవాల్సిన మాట ఒక ఫ్లెక్సీ చెప్పింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

వెంకయ్య గారు మాట్లాడారు. సాజిదా గారు మన ప్రాంతం ఆణిముత్యమని, ప్రత్యర్థులు కొట్టిన ఎన్నో గోల్స్‌ని చేతులతో ఆపి జట్టుని గెలిపించారని అన్నారు. చప్పట్లు కొట్టారు. తర్వాత మాట్లాడిన ఆయన నేను వందకి పైగా గోల్స్ కొట్టానన్నాడు. దానికి ఇంకా గట్టిగా కొట్టారు. నా తొమ్మిదినీ ఎవరూ చెప్పలేదు, నేను అందించగా వేరేవాళ్లు కొట్టిన యాభై ఏడింటినీ చెప్పలేదు. గోల్‌కీపర్ తప్ప ఎవరు చేతులతో బంతి ముట్టుకున్నా మా ఆటలో తప్పని కూడా తెలియనివాళ్లు నా ఆటని ముగిస్తున్నారు. శాలువా కప్పారు. ఏప్రిల్ ఎండలో, రేకుల షెడ్డు కింద, ఆ బరువుకి మెడంతా చెమట పట్టింది. టైము చూశాను, అయిదూ ఇరవై.

ముబీన్ మైకు అందుకున్నాడు. పిల్లలకి డ్రిల్లు చెప్పే గొంతు, చక్కగా మాట్లాడతాడు. "సాజిదా ఒక రోజు నాతో అంది. ఇక చాలండీ, ఇన్నాళ్లూ టీము కోసం ఆడాను, ఇప్పుడు మన పాప కోసం, మన ఇంటి కోసం ఉంటాను అంది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి."

ముందు వరసలో అత్తమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నేను ఆ మాట అనలేదు. కలలో కూడా అనలేదు. నా ఆట ఆపాడు, సరే, అది తన భయం అనుకోవచ్చు. నా నోట్లోంచి రాని మాట నలుగురిలో నా మాటగా చెబితే దాన్నేమనుకోవాలి? అప్పుడు ఒకటి అర్థమైంది. ఆయన అబద్ధమాడుతున్నానని అనుకోవడం లేదు. అలాంటి మాట ఎవరైనా అంటే ఎంత బాగుండునని ఎప్పట్నుంచో అనుకుంటూ ఉన్న మనిషి, చెప్పీ చెప్పీ నమ్మేశాడు.

ఆవిడకి మాట్లాడటం అలవాటు లేదు, ఆవిడ తరఫున అందరికీ కృతజ్ఞతలు అని ముబీన్ ముగించబోతుంటే నేను లేచి చెయ్యి చాపాను. మైకు ఇవ్వడానికి ఒక్క క్షణం తటపటాయించాడు. అందరూ చూస్తున్నారు కాబట్టి ఇచ్చాడు.

"నేను గోల్‌కీపర్ని కాదండీ, మిడ్‌ఫీల్డర్ని," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నేను కొట్టినవి తొమ్మిది గోల్స్. ముబీన్ గారు చెప్పిన మాట నేను అనలేదు. నేను ఆట మానలేదు. మే ఒకటి నుంచి క్యాంపు, వెళుతున్నాను."

"ఏంటిది సాజిదా, దిగు," అన్నాడు ముబీన్ పళ్ల మధ్య నుంచి. ఆయన వైపు తిరిగాను. దగ్గరగా చూస్తే ఆ ముఖంలో కోపం కన్నా భయమే ఎక్కువ ఉంది. నాకు జాలి కలగలేదు. కలిగినా ఆ క్షణాన దాన్ని దగ్గరికి రానివ్వలేదు. శాలువా తీసి ఆయన భుజాల మీద కప్పాను.

"మా ఆయన జిల్లా జట్టులో ఫార్వర్డ్," అన్నాను మైకులో. "ఇరవై మూడో ఏట, సెలెక్షన్‌కి పిలుపొచ్చిన వారంలో, పొలంలో మనిషి చాలడం లేదని ఇంట్లో అంటే మానేశాడు. మానతావా అని ఎవరూ అడగలేదు. దండ వెయ్యలేదు, ఫ్లెక్సీ కట్టలేదు. ఆట మానేసిన మనిషి ఈయన. మీరు తెచ్చిన శాలువా ఈయనకి చెందుతుంది."

మామగారు తల దించుకున్నాడు. వెంకయ్య గారు ఏం చెయ్యాలో తెలీక చప్పట్లు మొదలుపెట్టారు, వెనకాల నలుగురు కొట్టారు. ముబీన్ నన్ను తిట్టలేదు, ఆపలేదు, శాలువా విసిరికొట్టలేదు. అది జారిపోతుంటే రెండు చేతులతో పట్టుకున్నాడు.

నేను మెట్లు దిగుతూ ఫోన్ తీసి మేనేజర్ మేడమ్‌కి వస్తున్నానని రాశాను.