ఏడో నంబరు పలక

జోగా ఉంగరపు వేలిని దూదితో తుడిచి, స్తెఫను సూదితో గుచ్చాడు. వేలి కొసన ఆవగింజంత రక్తం తేలింది. దాన్ని గాజు పలకకు అద్ది, మరో పలక అంచుతో పలుచగా పరిచి, పక్కన ఏడు అని అంకె వేశాడు. జోగా వణుకుతున్నాడు. మూడు రోజులుగా జ్వరం. కళ్ళు పచ్చబడ్డాయి.

ఇరవై ఆరేళ్ళుగా స్తెఫను పని ఇదే. చర్ల అడవి పల్లెల్లో సైకిలు మీద తిరిగి జ్వరమున్నవాళ్ళ రక్తం తీయడం, మాత్రలివ్వడం. పొట్టి మనిషి. వంగిన భుజాలు. స్పిరిట్‌కు కుడి బొటనవేలి చర్మం తెల్లబారిపోయింది. ప్రమోషన్ రాలేదు, అతను అడగనూ లేదు. ఆదివారం చర్చిలో కూడా అతని దగ్గర స్పిరిట్ వాసనే వచ్చేది.

వాగు ఒడ్డున పన్నెండు గుడిసెలు. అవతల కొట్లాటలకు తాళలేక నిరుడు ఛత్తీస్‌గఢ్ నుంచి నడిచి వచ్చినవాళ్ళవి. వాళ్ళకు ఆధారు, రేషను కార్డుల్లేవు. వాళ్ళ పేర్లున్నది ఒక్క స్తెఫను రక్తపరీక్షల రిజిస్టరులోనే. ఇప్పుడు మండలం తహసీల్దారు సారు ఆ రిజిస్టరే అడుగుతున్నాడు.

జోగా భార్య ఉంగికి స్తెఫను దాచకుండా చెప్పాడు.

"మీ పేర్లు కావాలంటుండు సారు. మిమ్మల్ని మర్లా అవతలికి పంపుతరంట. నేనైతే ఇయ్య. గని మీకు తెల్వాలె."

ఉంగి పలకల పెట్టె వంక చూసింది. "నెత్తురెందుకు తీసినవ్?" అంది వచ్చీరాని తెలుగులో.

"జొరానికి."

"జొరానికి పేరెందుకు?"

స్తెఫను పెట్టె మూసి సైకిలుకు కట్టుకున్నాడు.

దారిలో పై ఊరి రైతు పగిడయ్య ఆపాడు.

"స్తెఫనన్నా, పేర్లు ఇచ్చెయ్. వాళ్ళొచ్చిననాడు గంజి పోసింది మేమే. గని వాళ్ళు నరికిన చెట్టుకు మా మీద కేసులైతున్నయ్. ఇయ్యాల పన్నెండు గుడిసెలు. రేపు నలభై అయితే మా పిల్లలకు పోడు భూమి ఏడ ఉంటది?"

"జోగాకు బాగలేదు పగిడయ్యా."

"అది వేరే ముచ్చట."

"నాకు రెండూ ఒక్క పుస్తకంలనే ఉన్నయ్" అని స్తెఫను పెడలు తొక్కాడు.

చర్ల దవాఖానాలో పలకలను ల్యాబులో పరీక్షలు చేసే తబితాకిచ్చి బయటికి వచ్చేసరికి సారు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. అలసిపోయిన ముఖం.

"రిజిస్టరేది?"

"ఇంట్ల మరిచిన సార్." సంచిలోని రిజిస్టరు అంచు అతని డొక్కకు గుచ్చుకుంటోంది.

"ఎవరు పడితే వాళ్ళొచ్చి ఉంటమంటే, ఇక్కడోళ్ళకు నేనేం జవాబు చెప్పాలె?"

స్తెఫను సంచిని వీపు వెనక్కి జరుపుకున్నాడు. అంతలో లోపలి నుంచి తబితా కేక వేసింది.

"ఏడో నంబరెవరిదన్నా? మెదడుకెక్కే మలేరియా ఇది! ఈ పూటనే తోల్కరావాలె. పేరు చెప్పు, మంచం రాసిపెడ్త!"

సారు తలెత్తి చూశాడు.

"మా తమ్ముడు" అన్నాడు స్తెఫను.

స్తెఫను తల్లి కూడా అడవి దాటి వచ్చిందే. బడిలో అయ్యవారు ఏమీ అడక్కుండా అతని పుట్టిన ఊరు చర్ల అని రాశాడు. ఆ ఒక్క మాట మీదే అతనికి ఉద్యోగం, ఇల్లు, కార్డు.

"నీకు తమ్ముడున్నడా?" అన్నాడు సారు. సారు బెంచీ మీంచి లేచాడు. "సరే. పొద్దుగాల జీపుల నేనే వస్త వాగు కాడికి, పేర్లు రాసుకుంట."

తబితా ఇచ్చిన మందులు జేబులో వేసుకుని, స్తెఫను ఆటో మాట్లాడుకుని బయలుదేరాడు. ఆటో పోలేని బండిబాట దగ్గర దాన్ని ఆపి, మిగిలిన దూరం పరుగెత్తాడు. వాగు చేరేసరికి పొద్దు చెట్ల మీదికి దిగింది.

గుడిసెల్లో ఎవరూ లేరు. పొయ్యిల్లో బూడిద వెచ్చగా ఉంది. బురదలో అడుగుల గుర్తులు వాగులోకి దిగాయి. వాటి మధ్య రెండు జతలు లోతుగా పడ్డాయి, ముందూ వెనకా, మనిషిని డోలీలో మోసుకుపోయినట్టు.

"జోగా!" అని అరిచాడు. "ఉంగీ! మందు తెచ్చిన! పేర్లు ఇయ్యలేదమ్మా!"

వాగు అవతల అడవి చీకటి పడుతోంది. పొద్దున తాను చెప్పకుండా ఉంటే వాళ్ళు ఇక్కడే ఉండేవాళ్ళని అతనికి అర్థమైంది. మాత్రల అట్ట చేతిలో నలిగింది.

ఉంగి గుడిసె గుంజకు, దారికని నింపి తొందరలో మరిచిపోయిన సొరకాయ బుర్ర వేలాడుతోంది. దాని నిండా నీళ్ళు. మూతికి బిగించిన ఆకు ఇంకా వాడిపోలేదు.