ఎడమ చెయ్యి

దాల్చా పప్పు మరక పోవాలంటే ముందు సబ్బు పెట్టకూడదు. పెట్టామో, పసుపు ఎర్రగా తిరిగి బట్టను కరుచుకుంటుంది. ముందు చన్నీళ్లలో నానబెట్టాలి, నిమ్మచెక్కతో రుద్దాలి, ఎండ తగలనివ్వాలి, ఆ తర్వాతే సబ్బు. సైన్సు టీచర్ని కదా, ఈ విద్య చదువులో వచ్చిందనుకునేరు. కాదు, పాల్వంచలో రసూల్ టెంట్ హౌస్‌కు కోడలిగా వచ్చాక వచ్చింది. పెళ్లిళ్లలో కుర్చీలకు తెల్లటి కవర్లు తొడిగి వెనక ఎర్ర రిబ్బను ముడేస్తారు చూడండి, ఆ కవర్లన్నీ మర్నాడు మా ఇంటి వెనక పంపు దగ్గరకే వస్తాయి. జనం వాటికి చేతులు తుడుచుకుంటారు, మూతులు తుడుచుకుంటారు, పిల్లల ముక్కులు కూడా తుడుస్తారు. వారమంతా బడిలో పాఠాలు, ఆదివారం వాళ్ల విందు మరకలు. దీన్ని మా ఇంట్లో ఎవరూ పని అనరు. "ఇంటి పట్టున ఉండేదే కదా" అంటారు.

ఆ ఆదివారం కూడా పంపు దగ్గరే ఉన్నాను గానీ మనసు మాత్రం నేల మీద లేదు. బడిలో నేను తర్ఫీదిచ్చే గైడ్ పిల్లలు, అంటే ఆడ స్కౌట్లు, రాష్ట్రస్థాయి రాజ్యపురస్కార్ పరీక్షకు ఎంపికయ్యారని ముందు రోజే బడికి కబురొచ్చింది. దుమ్ముగూడెం దాటాక అడవి అంచున మూడు రోజుల క్యాంపు. స్కౌట్ అబ్బాయిలు ఏటా వెళ్తూనే ఉన్నారు. మా బడి నుంచి ఆడపిల్లల దళం వెళ్లడం ఇదే మొదలు. కబురు విన్నప్పుడు మా దళం లీడర్ రేఖ ఎగిరి నా మెడ పట్టుకుని వేలాడింది. తుల్సీరాం అని, తండా నుంచి రోజూ పిల్లను సైకిల్ మీద దింపిపోయే ఆయన కూతురు. మామూలుగా నోట్లోంచి మాట ఊడిపడని పిల్ల. నేను కూడా స్టాఫ్‌రూంలోకి పోయి తలుపేసుకుని, నా ఈడు మరిచి రెండు గెంతులు గెంతాను.

కవర్లు పిండుతూనే ఆ సంగతి మా ఆయన మతీన్‌కు చెప్పాను. ఆయన ఫోన్లోంచి తల ఎత్తలేదు.

"ఎప్పుడు?"

"గురువారం పోయి శనివారం వస్తాం."

అప్పుడు తల ఎత్తాడు. "గురువారం మధిరల పెద్ద షాదీ ఉన్నది, మర్చినవా? శుక్రవారం కవర్లు వాపస్ వస్తయ్. ఆదివారం కొత్తగూడెంల ఫంక్షన్. నడుమ ఎవలు ఉతుకుతరు, మా అమ్మీనా?"

"పిల్లలు కెప్టెన్ లేకుండా పోకూడదండీ. కెప్టెన్ ఆడమనిషే ఉండాలి. మా బడిలో ఆ ట్రైనింగు చేసింది నేనొక్కదాన్నే."

"పోకుంటె ఏమైతది? పోతే కలెక్టర్లయితరా? తాళ్లకు ముడులేసుడే కదా నీ స్కౌటింగూ గీటింగూ. గా పనికి మన దగ్గర మోతీలాల్ లేడా?"

మోతీలాల్ మా టెంట్ హౌస్‌లో షామియానాలు వేసే మనిషి. ఆ మాట తనకే నచ్చి మతీన్ ఒక్కడే నవ్వుకున్నాడు. ఇంకెవరి నోటినుంచైనా ఆ మాట వస్తే బదులిచ్చేదాన్ని. ఇంట్లో వచ్చిన మాటకు మాత్రం ఎప్పుడూ సబ్బునురగే అడ్డం పెట్టుకుంటాను, వంగి ఇంకాస్త గట్టిగా రుద్దుతాను. ఈ పిల్లలది పదో తరగతి. వచ్చే ఏడు ఎవరు ఏ ఊళ్లో ఉంటారో, ఎవరి పెళ్లి కుదిరిపోతుందో తెలియదు. నేను కదలకపోతే వాళ్లు కదలరు. మతీన్‌కు ఇదంతా చెబుదామని నోరు తెరిచేసరికి ఆయన బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయాడు.

వరండాలో మా అత్తమ్మ జర్దా డబ్బా తెరుచుకుని కూర్చుని ఉంది. ఆమెకు నా గైడ్ పిల్లలంటే మొదటి నుంచీ గిట్టదు. దానికొక కారణం ఉంది. పోయిన రంజాన్ పండక్కి పిల్లలు యూనిఫాంలో మా ఇంటికి వచ్చారు. మేం స్కౌట్లం, గైడ్లం ఎడమ చేత్తో చెయ్యి కలుపుతాం, అది మా పద్ధతి. రేఖ ముద్దుగా ముందుకొచ్చి అత్తమ్మకు ఎడమ చెయ్యి చాపింది. "తౌబా తౌబా, ఎడమ చెయ్యి ఇస్తరా ఎవలన్నా!" అని ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. పిల్ల మొహం వాడిపోయింది. ఢాలు పట్టేది ఎడమ చేత్తో కదా అమ్మీ, ఢాలు పక్కన పెట్టి ఆ చెయ్యి ఇచ్చామంటే నిన్ను నమ్మానని అర్థం అని నేను నచ్చజెప్పబోయాను. "ఢాలో గీలో నాకెరుక లేదు. ఎడమ చెయ్యి ఎడమ చెయ్యే" అంది.

ఆమెను అని లాభం లేదు. మా ఇంట్లో ఆ పట్టింపు అందరికీ ఉంది. ఒకసారి కుడి చెయ్యంతా సబ్బు ఉందని మతీన్‌కు మంచినీళ్ల గ్లాసు ఎడమ చేత్తో అందించాను. ఆయన గ్లాసు వైపు చూశాడు, నా వైపు చూశాడు, లేచి వెళ్లిపోయాడు. ఆ సబ్బు ఎవరి కవర్లదో అప్పుడు అడగాల్సింది. అడగలేదు. చెయ్యి కడుక్కుని మళ్లీ గ్లాసు నింపుకుని వెనకాలే వెళ్లాను, అదీ నేను.

బుధవారం దాకా నాలో నేనే కొట్టుకున్నాను. ఉల్లిగడ్డలు కోస్తూ వెళ్తాననుకునేదాన్ని, అన్నం వార్చేసరికి మానేద్దాం అనిపించేది. బుధవారం బడిలో రేఖ తాడుకు ముడివేస్తూ, తల ఎత్తకుండానే, "మీరొస్తున్నరు కదా మేడం?" అంది. అడగడం కూడా భయంగా అడిగింది. నాలో ఏదో తెగిపోయింది. "వస్తున్న" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి బయటికి రావడం ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

గురువారం పొద్దున్నే యూనిఫాం వేసుకుని, మెడలో స్కార్ఫ్ చుట్టుకుని బయటికొచ్చేసరికి గుమ్మం పక్కన ఒక తాడు చుట్ట ఉంది. పెద్ద షామియానా స్తంభాలకు మా మామ గులాం రసూల్ వాడిన లావుపాటి తాడు. ఆయన పోయాక ఎవరూ దాన్ని గోదాంలోంచి తీయలేదు. మోతీలాల్ పెట్టి ఉంటాడు, మంచివాడు అనుకుని భుజాన వేసుకున్నాను. మతీన్ లోపలి నుంచి, "వచ్చినంక చూస్త నీ సంగతి" అన్నాడు. "చూడండి" అన్నాను. పెళ్లయ్యాక ఆయన మాటకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. ఆ చిన్న మాట అనేసి, వెనక్కి చూడకుండా బస్టాండు దాకా నడిచాను.

క్యాంపుకు చేరామో లేదో వెంకటనారాయణ సార్ ఎదురొచ్చారు. సత్తుపల్లి వైపు బడిలో స్కౌట్ మాస్టరు, క్యాంపుకు పెద్ద. మనిషి చెడ్డవాడు కాదు. మాట మాత్రం తేనెలో ముంచిన కత్తి. "రండి రండి మేడం గారూ. మీరొచ్చారు కాబట్టి మాకు బెంగ లేదు. వంట సంగతి మీరు చూసుకోండి, మీ పిల్లల్ని మేం చూసుకుంటాం." పోయినేడు జిల్లా ర్యాలీలోనూ అంతే. స్టేజీ మీద మాస్టర్లందరినీ హోదాలతో పిలిచి, నన్ను మాత్రం "ఈ మూడు రోజులూ కమ్మటి ఉప్మా పెట్టిన మేడం" అని పరిచయం చేశారు. జనం చప్పట్లు కూడా కొట్టారు. నేనూ నవ్వాను, ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"సార్, నేను కెప్టెన్‌గా వచ్చాను. నా పిల్లల్ని నేనే చూసుకుంటాను" అన్నాను. "ఇంకోటి, పాత్రలు లేకుండా వండటం పరీక్షలోనే ఉంది కదా. మీ అబ్బాయిలక్కూడా."

ఆయన గతుక్కుమని, "ఉంది లెండి" అన్నారు. ఆ పూట చూడాలి వేడుక! ఇంట్లో మంచినీళ్లు కూడా ముంచుకోని పొడుగు పొడుగు మగపిల్లలు మోదుగాకుల్లో పిండి ముద్దలు చుట్టి నిప్పుల్లో పెడుతూ, ఉల్లిగడ్డలకు ఏడుస్తూ, ఒకరి మీద ఒకరు బూడిద చల్లుకుంటూ ఉన్నారు. మా ఆడపిల్లలు అటు చూసి పడీపడీ నవ్వారు. నేను చెట్టు కింద కూర్చుని, ఒకరు చేసిన రొట్టె వేడివేడిగా తిన్నాను. ఒక పక్క మాడింది. నా వంతు పని లేకుండా తిన్న తిండి, ఎంత రుచిగా ఉందో!

మర్నాడు అసలు పరీక్ష. వాగు మీద తాళ్ల వంతెన కట్టాలి. కాళ్లకింద ఒక తాడు, చేతులకు పైన ఒక తాడు, ఇటు చెట్టుకూ అటు చెట్టుకూ. హైదరాబాద్ నుంచి పరీక్ష పెట్టడానికి రాజ్యశ్రీ మేడం వచ్చారు. జుట్టు నెరిసిన మనిషి, నవ్వడం ఖర్చనుకునే మొహం. వస్తూనే నా దగ్గరకొచ్చి ఎడమ చెయ్యి చాపారు. పెద్దవాళ్లెవరూ నాకు అంతవరకు ఆ చెయ్యి ఇవ్వలేదు. క్యాంపుల్లో మాస్టర్లు కూడా అతిథుల ముందు మొహమాటపడి కుడి చెయ్యే ఇస్తారు. గట్టిగా పట్టుకున్నాను.

పిల్లలు మా మామ తాడునే పైన కట్టారు. కట్టడం పూర్తయ్యాక రాజ్యశ్రీ మేడం ముడులన్నీ లాగి చూసి, "కెప్టెన్ ముందు దాటాలి" అన్నారు.

"మేడం గారెందుకు లెండి," వెంకటనారాయణ సార్ అడ్డొచ్చారు. "ఆడమనిషి, పడితే ప్రమాదం. మా వాళ్లలో ఒకడు దాటి చూపిస్తాడు."

"దాటవచ్చు. అప్పుడు వంతెన మార్కులు ఈ పిల్లలకు రావు" అన్నారామె.

పిల్లలందరూ నా వైపే చూస్తున్నారు. నేను ఎప్పుడూ వంతెన దాటలేదు. కట్టడం నేర్పాను గానీ ట్రైనింగులో నా వంతు వచ్చేసరికి వాన పడింది, ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు. కింద వాగు లోతు కాదు గానీ రాళ్లున్నాయి. చెప్పులు విప్పి తాడు మీద కాలు పెట్టాను. అది కిందికి కుంగింది. ఒక్కో అడుగూ పక్కకు జరుపుతూ నడిమధ్యకు వచ్చేసరికి తాడు ఊగడం మొదలుపెట్టింది, ఒక కాలు జారింది. ఒడ్డున ఎవరో కెవ్వుమన్నారు. చేతి తాడును ఒడిసి పట్టుకుని వేలాడాను. మా మామ మంచాన పడకముందు అనేవాడు, "తాడును కాదు బేటీ, ముడిని నమ్మాలె" అని. ఈ ముడి వేసింది రేఖ. నేను నేర్పిన ముడి. ఆగుతుంది అనుకున్నాను. ఆగింది.

కాలు మళ్లీ తాడెక్కింది. ఆ తర్వాత ఏమైందో గానీ భయమంతా ఎవరో చేత్తో తీసేసినట్టు పోయింది. అవతల ఒడ్డున దిగి, గొంతు చించుకుని అరిచాను. మాటలేమీ లేవు, ఉత్త అరుపు. చెట్ల మీది కొంగలు లేచిపోయాయి. నేను అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు, నాకు ఇంత గొంతుందని నాకే తెలియదు. నా వెనకే పిల్లలు ఒక్కొక్కరూ ఉడతల్లా దాటి వచ్చి నా మీద పడ్డారు. ఇవతల ఒడ్డున వెంకటనారాయణ సార్ కూడా అన్నీ మరిచిపోయి చప్పట్లు కొట్టడం నేను చూశాను.

శనివారం ఫలితాలు చెప్పారు. మా పిల్లలందరూ పాసు. రాజ్యశ్రీ మేడం ఆ మాట చెబుతూ నవ్వారు కూడా. భద్రాచలంలో గోదారి బ్రిడ్జి మీదుగా బస్సు వస్తుంటే పిల్లలు కిటికీల్లోంచి స్కార్ఫ్‌లు ఎగరేశారు, పాల్వంచ దాకా పాటలే. నేనూ పాడాను, శ్రుతి లేకుండానే.

ఇంటికి చేరేసరికి సాయంత్రం అవుతోంది. పక్క సందులోంచి పెరట్లోకి వెళ్లి చూద్దును కదా, మధిర పెళ్లి కవర్లు పంపు దగ్గర గుట్టగా పడి ఉన్నాయి. ఒక్కటీ తడవలేదు. దాల్చా వాసన, వాటి మీద ఈగలు. మతీన్ చెయ్యి నడుముకు పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. అత్తమ్మ మాత్రం ఒకదానిలో ఒకటి దూర్చిన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీల మీద ఎత్తుగా కూర్చుని తమలపాకుకు సున్నం రాస్తోంది.

"వచ్చినవా రాణీ," అన్నాడు మతీన్. "రేపు పొద్దుగాల కొత్తగూడెం ఫంక్షన్. జల్దీ కొంగు దోపు. అమ్మీ ఒక్క కవర్ ముట్టలే."

"ముట్టను," అంది అత్తమ్మ, ఆకు మడుస్తూ. "మీ అబ్బా ఉన్నన్నాళ్లు నేనుతికిన. తర్వాత ఈమె ఉతికింది. కుర్చీలేమో ఏటేటా పెంచుకుంటపోయిన్రు. చేతులు మాత్రం గవే."

నేను తాడు చుట్టను భుజం మీంచి దింపి నేల మీద పెట్టాను. అత్తమ్మ చూపు దాని మీద పడింది.

"ఆగిందా?" అంది.

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. గోదాం తాళంచెవి ఎప్పుడూ ఆమె బొడ్డునే ఉంటుంది. మోతీలాల్‌కు అది దొరకదు.

"ఆగింది అమ్మీ. నా బరువు మొత్తం ఆగింది."

"పిల్లలో?"

"అందరూ పాసైన్రు."

ఆమె ఆకు చుట్టను దవడన పెట్టుకుని, మెల్లగా కుర్చీల మీంచి దిగింది. నా ముందుకొచ్చి నిలబడి, తన రెండు చేతుల వైపూ చూసుకుంది. సబ్బు నీళ్లలో నానీ నానీ గోళ్ల చివర్లు తెల్లబడ్డ చేతులు. కుడి చెయ్యి కిందికి దించేసింది. ఎడమ చెయ్యి నా వైపు చాపి, "గిదే కదా?" అంది.

"అవ్ అమ్మీ, గిదే" అన్నాను. పట్టుకున్నాను. ఆ చెయ్యి గరుకుగా, వెచ్చగా ఉంది, నాకంటే గట్టిగా ఆమే పట్టుకుంది.

నా చెయ్యి వదలకుండానే అత్తమ్మ కొడుకు వైపు తిరిగింది.

"మతీనూ, సబ్బు ఏ గూట్ల ఉంటదో ఎరుకేనా?"