కోటలో మిగిలిపోయిన మనిషి

మా కోట మీద ఒక్క గుండు కూడా పడలేదు. పెనాబ్‌స్కాట్ నది మీదుగా శత్రువుల ఓడలు వస్తాయని భయపడి నల్లరాళ్ళతో కట్టారు. ఓడలు రాలేదు. ఇప్పుడు బస్సులు వస్తాయి. అక్టోబరులో మేన్ రాష్ట్రం చెట్లన్నీ ఎర్రబడే పదిహేను రోజులూ రోజుకి నాలుగైదు బస్సులు. పొద్దున అకాడియా కొండలు, మధ్యాహ్నం మా కోట, సాయంత్రం పోర్ట్‌లాండ్ నగరం. మా వాటాకి నలభై నిమిషాలు. అందులో సగం బాత్రూము ముందు వరసలోనే అయిపోతాయి.

నా పేరు ఓడిల్. గేటు పక్కనున్న టికెట్ల గదిలో పదకొండేళ్ళుగా కూర్చుంటున్నాను.

ఆ మంగళవారం వచ్చిన బస్సులోంచి అందరూ జంటలుగా దిగారు. చివర ఒకాయన ఒక్కడే దిగాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. పొడుగు మనిషి, బూడిదరంగు కోటు. మెడలో వేలాడే అట్ట మీద లైల్ స్టెకర్, డేటన్, ఒహాయో అని రాసి ఉంది. దిగీదిగగానే ఒకావిడ ఆయన చేతిలో తన ఫోన్ పెట్టింది.

"లైల్, నీ చెయ్యి వణకదు, నువ్వే తియ్యి. నది పడాలి, మా ఆయన పొట్ట పడకూడదు."

ఆయన తీశాడు. ఆ తర్వాత మరో జంట, ఆ వెనకే ఇంకో జంట. అందరి ఫోన్లూ తిరిగి ఇచ్చేశాక తానొక్కడే కోట కింది సొరంగంలోకి వెళ్ళాడు.

ఒంటిగంట ముప్పావుకి బస్సు కదిలింది. ఇరవై నిమిషాల తర్వాత ఆయన నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, బస్సు ఇంకెక్కడైనా పెట్టారాండీ?"

"వెళ్ళిపోయిందండీ."

ఖాళీ మైదానాన్ని ఓసారి చూసి, "అలాగా," అన్నాడు. గొంతులో కోపం లేదు. గది ముందున్న బల్ల మీద కూర్చున్నాడు.

"మీ గైడుకి ఫోన్ చెయ్యండి. మెడలో అట్ట మీద నంబరుందిగా."

"చెయ్యనండీ. నేనే చేస్తే ఇంకేముంది? వాళ్ళకే గుర్తు రావాలి." జేబులోంచి ఫోన్ తీసి బల్ల మీద పక్కన పెట్టుకున్నాడు. "ఎంతసేపట్లో ఫోన్ వస్తుందో చూస్తాను."

అది పంతమనిపించింది. ఇంటి నుంచి తెచ్చుకున్న చిక్కుడుగింజల సూపులో సగం గ్లాసులో పోసి ఇచ్చాను. వద్దనలేదు.

"ఈ కోటలో యుద్ధం ఎప్పుడు జరిగిందండీ?"

"జరగలేదు."

"ఎవరూ రాలేదా?"

"ఎవరూ రాలేదు."

"మరి సిపాయిలు ఏం చేసేవాళ్ళు?"

"ఎదురుచూసేవాళ్ళు. ఇదిగో, ఇలాగే సూపు తాగుతూ."

ఆయన నవ్వాడు. నవ్వితే మంచి మనిషిలా కనిపించాడు. నలభై ఏళ్ళు లిఫ్టులు బాగుచేశాడట. పెళ్ళి చేసుకోలేదు. ఈ యాత్రకి చెల్లెలు కూడా వస్తానని చెప్పి, ఆఖరి వారంలో మానేసిందట.

"కొండ మీద సూర్యోదయం చూశామండీ, అద్భుతంగా ఉంది. పక్కకి తిరిగి 'చూశావా' అందామంటే, పక్కన వేరేవాళ్ళ ఆవిడ. భోజనాల దగ్గర నలుగురేసి కూర్చునే బల్లలు. పద్దెనిమిది జంటలు, తొమ్మిది బల్లలు నిండిపోతాయి. రోజూ నాకోసం ఎక్కడినుంచో ఒక కుర్చీ లాక్కొచ్చి మూలన ఇరికిస్తారు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. జరగమంటే జరుగుతారు."

మూడు దాటింది. నాలుగయింది. ఇంకో రెండు బస్సులు వచ్చి వెళ్ళాయి. నేను టికెట్లు ఇస్తూనే ఆయన ఫోన్ వైపు చూస్తున్నాను. మోగితే బాగుండునని నాకే ఎక్కువ ఆత్రంగా ఉంది.

నాలుగున్నరకి ఆయనే అన్నాడు: "నా వల్ల మీకు ఆలస్యమయ్యేలా ఉంది. ఇంట్లోవాళ్ళకి చెప్పండి, కంగారుపడతారు."

మా అమ్మ పోయాక మా ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. ఆ మాట చెప్పొచ్చు. ఎందుకో చెప్పలేకపోయాను. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, ఏ నంబరూ నొక్కకుండానే, "కాస్త ఆలస్యమవుతుంది, మీరు తినేయండి," అన్నాను. ఆయన మర్యాదగా నది వైపు తిరిగాడు.

అయిదింటికి గేటు మూయాలి. గదిలోకి వెళ్ళి తలుపు చేరవేసి, అట్ట మీద చూసి రాసిపెట్టుకున్న నంబరుకి ఫోన్ చేశాను. గైడు పేరు జోనెల్. చిన్నపిల్ల గొంతు.

"లైల్? ఇక్కడే ఉన్నాడు కదండీ... ఉండండి." సీట్ల మధ్య వెనక్కి నడిచిన చప్పుడు వినిపించింది. "అయ్యో. వెనక సీట్లో నిద్రపోతున్నాడనుకున్నాం. దారిలో మ్యూజియం దగ్గర ఆగినప్పుడు కూడా లేపలేదు."

బయటికొచ్చి చెప్పాను: "వాళ్ళే మా గదికి ఫోన్ చేశారండీ. మధ్యాహ్నం నుంచి మీకోసం ఒకటే వెతుకుతున్నారట. నేను పోర్ట్‌లాండ్ దాకా దింపుతానని చెప్పాను."

నా వైపు చాలాసేపు చూశాడు. ఆ గదిలో ఫోన్ మోగితే బల్ల దాకా వినిపిస్తుంది. మోగలేదని ఆయనకీ తెలుసు.

"ఒకటే వెతుకుతున్నారా?"

"ఒకటే."

"మంచిదండీ," అని లేచాడు.

నా ట్రక్కులో రెండు గంటల ప్రయాణం. వెలుగున్నంతసేపూ ఎర్రటి మేపుల్ చెట్లు కనబడితే "అదిగో" అని నాకు చూపిస్తూనే ఉన్నాడు. ఏటా చూసే చెట్లే. నేనూ తల తిప్పి చూశాను. చీకటి పడ్డాక ఇద్దరం ఎక్కువ మాట్లాడుకోలేదు. ఊరికే కూర్చున్నా ఇబ్బందిగా లేదు.

హోటల్ ముందు జోనెల్ పరుగెత్తుకొచ్చి, కళ్ళనీళ్ళతో ఆయన్ని కౌగిలించుకుంది. ఆయనే ఆ పిల్ల వీపు తట్టి ఓదార్చాడు. "లోపలికి రండి, కలిసి భోంచేద్దాం," అని నన్ను రెండుసార్లు పిలిచాడు. "మావాళ్ళు ఎదురుచూస్తుంటారు," అన్నాను. సాయంత్రం చెప్పిన అబద్ధాన్ని ఇప్పుడెలా వెనక్కి తీసుకోను? ఆయన తలూపి, నా చెయ్యి ఒకసారి నొక్కి, లోపలికి వెళ్ళాడు.

తిరుగుదారిలో పెట్రోలు బంకు దగ్గర కాఫీకి ఆగాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి, "ఇంకా దూరం వెళ్ళాలా?" అంది. అంతే, జరిగిందంతా ఆ పిల్లకి చెప్పేశాను. బుద్ధిగా వింది.

"ఆయన నంబరు తీసుకున్నారా?"

"లేదమ్మా."

"అరే," అని కప్పుకి మూత పెట్టి ఇచ్చింది. నా వెనక ఇంకొకరు వచ్చి నిలబడ్డారు. ట్రక్కులోకి వచ్చి కూర్చుని, కాఫీ చల్లారేదాకా బండి స్టార్టు చెయ్యకుండా అలాగే ఉండిపోయాను.