మౌని ఆగిపోయిన గేము

మా పాప ప్రణవికి ఉగ్గు కలపడానికి నీళ్ళు కాచాలని ప్లగ్గు పీకాను. జరిగింది ఇంతే అని మూడు రోజులుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను.

నాంపల్లి చెస్ క్లబ్బులో గది ఊడ్చేదీ, టీ పెట్టేదీ, ఫలితాలు రిజిస్టర్లో రాసేదీ నేనే. జీతం లేదు. "మా ఆవిడేగా" అని మా ఆయన శశికిరణ్ ముందే తేల్చేశారు. ఈసారి పోటీ మనుషులకు కాదు, చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రాములకు. పోయినేటి ఛాంపియన్ ప్రోగ్రాముతో మ్యాచ్‌కి ఒక్కటే వెళ్తుంది. మా ఆయన రాసిన 'గరుడ' అయినా వెళ్ళాలి, దివ్యశ్రీ అనే అమ్మాయి రాసిన 'మౌని' అయినా వెళ్ళాలి. మొగుడి పోటీకి పెళ్ళాం ఫలితాలు రాయడమేంటని ఎవరో అడిగితే ఆయన నవ్వారు. "ఇంటర్‌తో ఆగిపోయిన మనిషి. గుర్రమేదో బంటేదో తెలీదు. పక్షపాతం చూపించడానికైనా ఆట తెలియాలిగా!" అందరూ నవ్వారు. టీ గ్లాసులు తీస్తూ నేనూ నవ్వాను.

రెండేళ్ళు ఆ బల్లల మధ్య తిరిగితే ఎవరికైనా ఆట వస్తుంది. పదో గేములో మౌని మంత్రి గరుడ రాజును మూలకు తరిమేసింది. ఇంకో నాలుగు ఎత్తులంతే. అప్పుడే పిల్ల గుక్కపట్టింది. "బిడ్డకి వేళకింత పెట్టడం కూడా చేతకాదు" అనే అత్తయ్య గొంతు చెవిలో మోగింది. చేతికందిన ప్లగ్గు పీకి కెటిల్ పెట్టాను. మౌని కంప్యూటర్ తెర నల్లబడింది.

కరెంటు పోతే గేము మళ్ళీ ఆడించాలి. ప్రోగ్రాము తనంతట తాను ఆగిపోతే ఓడినట్టే. అది క్లబ్బు నియమం. పెన్ను చేతిలోనే ఉంది. "మౌని ఆగిపోయింది" అని రాశాను. ఆ ఒక్క గేము తేడాతో గరుడ గెలిచింది.

ఆ సాయంత్రం ఆయన ఆబిడ్స్‌లో ఆగి నాకు చెప్పులు తెచ్చారు. పెళ్ళయ్యాక మొదటిసారి. సైజు చిన్నది. సరిపోయాయన్నాను.

నిన్న దివ్యశ్రీ ఫోన్ చేసింది. "అక్కా, మౌని గట్ల ఆగదక్కా. రెండు దినాల సంది కోడ్ అంతా తిరగేస్తున్న, తప్పు దొర్కుతలేదు. నేనే ఏదో గల్తి చేసిన కావచ్చు."

"తిన్నావా?" అని అడిగాను. లేని తప్పు కోసం ఒక ఆడపిల్ల తనను తానే తవ్వుకుంటోంది.

ఇవాళ మ్యాచ్ ప్రకటిస్తారు. ఆయన గడ్డం గీసుకుంటున్నారు. నేను క్లబ్బు సెక్రటరీ శ్యామ్‌సుందర్‌కి ఫోన్ చేశాను.

"ఏంది చెల్లె?"

"మౌని తనంతట తాను ఆగలేదన్నా. ప్లగ్గు నేను పీకాను. ఆ గేము మళ్ళీ ఆడించాలి."

"ఫికర్ చెయ్యకు. తెల్వక రాసినవ్ తియ్యి. నీకు ఆట రాదని అందరికీ ఎరుకే."

అద్దం ముందు రేజర్ ఆగింది. శశికిరణ్ నావైపు తిరిగారు.

"తెలియక కాదన్నా" అన్నాను, ఆయన్నే చూస్తూ. "మౌని గెలుస్తోందని తెలిసే రాశాను."