ముఖానికి విడిగా ఒక తువ్వాలు

పొద్దున ఆరుంబావుకు ద్వాళి అద్దంలోకి చూసుకునేసరికి ఎడమ చెంప మొత్తం కందిపోయి, నుదుటి నుంచి మెడ దాకా దద్దుర్లు లేచి ఉన్నాయి.

ముఖం కడుక్కుని క్రీము రాసుకుని అయిదు నిమిషాలు కూడా కాలేదు. మొదట సన్నగా దురద, ఆ వెంటనే మంట. గోరు తగిలిన చోటల్లా దద్దురు ఇంకాస్త ఉబ్బుతోంది. తొమ్మిదింటికి లింగాల ఘనపూర్ దగ్గర పత్తిచేనులో కెమెరా ముందు నిలబడాల్సిన ముఖం అది.

ద్వాళికి ఇరవై రెండేళ్లు. మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి జనగామ వచ్చి నాలుగేళ్లయింది. చీరల దుకాణాలకు, నగల షాపుల కరపత్రాలకు ఫొటోలు దిగుతోంది. ఇప్పుడు తగిలింది మాత్రం పెద్ద పని. ఒక కొత్త పత్తి విత్తనాల కంపెనీ తన ప్యాకెట్ మీద, ఊళ్లలో గోడల మీద, బస్సుల వెనక వేయడానికి ఈ ముఖాన్ని ఎంచుకుంది. ఈ రోజు కుదరకపోతే వరంగల్‌లో ఇంకో అమ్మాయి సిద్ధంగా ఉంది. ఫొటోగ్రాఫర్ రంజిత్ ఆ సంగతి ముందే చెప్పాడు.

అందుకే పది రోజులుగా ద్వాళి పరీక్షకు కూర్చున్నట్టు తయారైంది. నేర్పింది రజిత. బస్టాండు వెనక బ్యూటీ పార్లర్ ఆమెది. దాని వెనక గదిలోనే ద్వాళి అద్దెకుంటుంది. రాత్రి తొమ్మిదికల్లా పడక. ముఖం ఉబ్బుతుందని పచ్చడి, అప్పడం బంద్. కనుబొమలు మూడు రోజుల ముందే తీర్చుకోవాలి, ముందురోజు ముట్టుకోకూడదు. చేతికి వాచీ, జుట్టు రబ్బరు పెట్టుకుంటే గుర్తులు పడతాయి. ముఖానికి విడిగా ఒక తువ్వాలు, ఉతికి, కవర్లో చుట్టి పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, కొత్తది ఏదైనా సరే ముందు చేతి మీదో చెవి వెనకో రాసి చూడనిదే ముఖానికి తాకించకూడదు.

చిన్నప్పటి నుంచి పత్తి ఏరిన పిల్ల. కానీ రంజిత్ పత్తిని రెండు వేళ్లతో సుతారంగా పట్టుకోమన్నాడు. అద్దం ముందు దూది పట్టుకుని అదీ సాధన చేసింది. ఒప్పందం నాడు కంపెనీ ఆఫీసరు పక్కన దిగిన ఫొటో తండ్రికి పంపింది. ఆయన వెంటనే ఫోన్ చేసి ఆ సారు ఎవరని అడిగితే, తయారీ ముచ్చట్లన్నీ చెప్పిందే తప్ప దానికి జవాబు చెప్పకుండానే పెట్టేసింది.

ఇప్పుడు ఆ పది రోజులూ చెంప మీద కాలిపోతున్నాయి. రజిత పరిగెత్తుకొచ్చి, చూసి, తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

"గిది నువ్విచ్చిన క్రీమే అక్కా," అంది ద్వాళి.

"మూడు దినాల కింద చెవి ఎనక రాసి సూసినం గదనే. అప్పుడు లేంది గిప్పుడెట్లొస్తది?"

"ఏమో. వరంగల్ పిల్ల గూడ నీ దగ్గరికే వస్తది గద."

రజిత గబగబా లోపలికొచ్చింది. క్రీము డబ్బా తీసి తన చెంపకు దట్టంగా పట్టించింది. గడియారం చూస్తూ నిలబడింది. ఏమీ కాలేదు. అదే బకెట్లో నీళ్లతో ముఖం కడుక్కుంది. అప్పుడూ ఏమీ కాలేదు. తుడుచుకోవడానికి కొక్కేనికి ఉన్న తువ్వాలు అందుకుంది. ముఖం దాకా తీసుకెళ్లకుండానే వేళ్లు గోక్కోవడం మొదలుపెట్టింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అది ద్వాళి కొత్తగా కొని, తానే ఉతికి, కవర్లో పెట్టిన తువ్వాలు. రజిత గాయాలకు వేసే అంటుపట్టీ ముక్క కత్తిరించి ద్వాళి చెంప మీద అద్ది లాగింది. వెలుతురుకు పెట్టి చూస్తే పట్టీకి సన్నటి గోధుమరంగు నూగు. తువ్వాలు మీద అద్దితే ఇంకా దట్టంగా వచ్చింది.

"దూలగొండి," అంది ద్వాళి మెల్లగా. అడవి తీగ అది. కాయ మీద నూగు ఒంటికి తగిలితే మనిషి నిలవలేడు.

జనగామ చుట్టూ మెట్టచేలు. దూలగొండి తీగ తను అక్కడ ఎన్నడూ చూడలేదు. అది అడవి అంచున పాకుతుంది, కాటారం వైపు ఊళ్లలో.

కాటారం నుంచి ఒక మనిషి వచ్చాడు. నిన్న సాయంత్రమే.

ద్వాళి తండ్రి బాల్‌సింగ్ పత్తి మానేసి మూడేళ్లయింది. వరికోతల రోజుల్లో కాటారం పోయి కూలి చేస్తాడు. బిడ్డ ఫొటోల పనికి ఎన్నడూ రానివాడు, ఈసారి చూస్తానని తానే భూపాలపల్లిలో బస్సు మారి వచ్చాడు. రాత్రి పార్లర్ ముందుగదిలో బెంచీ మీద పడుకున్నాడు. ద్వాళికి ఇంకొకటి గుర్తొచ్చింది. రాత్రి అన్నం దగ్గర ఆయన చెంచా అడిగాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన చెంచాతో తినడం తను చూడలేదు. పట్నం మర్యాద నేర్చిండు మీ బాపు, అని రజిత నవ్వింది కూడా.

ద్వాళి తువ్వాలు కర్రకు తగిలించుకుని ముందుగదిలోకి వెళ్లింది. బాల్‌సింగ్ బెంచీ చివర కూర్చుని ఉన్నాడు. దురద ఆగడానికి రెండు చేతులకూ బూడిద రుద్దుకున్నాడు. బూడిద కింద వేళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. బిడ్డ చెంప చూశాడు, కర్ర చూశాడు. చేతులు దాచుకోలేదు.

ద్వాళి ఫోన్ మోగింది. రంజిత్. ఆమె ఎత్తలేదు.

"ఎందుకు బాపు?"

ఇంటి భాషలో మొదలుపెట్టబోయి, గుమ్మంలో నిలబడ్డ రజితను చూసి బాల్‌సింగ్ తెలుగులోకి మారాడు.

"నేనే పెట్టిన బిడ్డా. రజితమ్మను ఏమనకు, ఆమెకేం తెల్వదు. నువ్వు పంపిన ఫొటోల నీ పక్కకు నిలవడ్డడు సూడు, గా సారే మూడేండ్ల కింద మన తండాకొచ్చి ఇత్తనాలిచ్చింది. కంపెనీ పేరు మార్చిండ్రు, మనిషి గాయినే. చెట్టు నా భుజం దాక లేసింది, కాయ పట్టలే. పదిహేడిండ్లల్ల ఒక్కరికి పట్టలే. అడుగవోతే గేటు కాడనే ఆపిండ్రు. నీకు చెప్పిన. వాన లేక పోయింది బాపు అన్నవ్. మొన్న ఫోన్‌ల చెప్పవోతే పెట్టేసినవ్. గిప్పుడు ప్యాకెట్ మీద నీ మొకముంటే తండోళ్లు ఏమంటరు? బాల్‌సింగ్ బిడ్డ ఉన్నది, మంచిదే అయితదని ఏస్తరు. మన తండ మంగ్యా గప్పుడే ఫోన్ జేసి అడిగిండు, ఎన్ని ప్యాకెట్లు దొరుకుతయని. మల్ల కాయ పట్టకుంటే గా సారు మీద ఎవ్వలు ఉమ్మరు, ఆయన ఫొటో దాని మీద ఉండదు. నీది ఉంటది. గందుకే పెట్టిన. నీ మొకానికి ఏం గాదు, బుగులువడకు. నువ్వే చెప్పినవ్ గద, కొత్తది ఏదన్న ముందు చేతికి రాసి సూడాలెనని. నాలుగు దినాల కింద కాటారంల నా మోచేతికి రాసుకొని సూసిన. పొద్దుగాల రాసుకుంటే పొద్దుమూకేటాళ్లకు తగ్గింది. మచ్చ గూడ మిగలలే. ఇగో, సూడు."